మాస్, మాసు: అస్సామీ, నేపాలీ భాషలు కలిసే చోటు, విడిపోయే చోటు

అస్సామీలో ‘మాస్’ అంటే చేప. నేపాలీలో ‘మాసు’ అంటే మాంసం. గువాహటిలో ఏదో హోటల్లో ఒక అస్సామీ, ఒక నేపాలీ పక్కపక్కన కూర్చుని ఎవరి భాషలో వాళ్ళు కూర చెప్పారనుకుందాం. కొత్తగా వెళ్ళిన తెలుగువాడి చెవికి ఇద్దరూ ఒకటే అడిగినట్టు ఉంటుంది, కంచాల్లోకి వచ్చేవి మాత్రం వేరు. నేపాలీలో చేపను ‘మాఛా’ అంటారు. తమాషా ఏమిటంటే అస్సామీవాళ్ళు కూడా కాగితం మీద రాసేది ‘మాఛ్’ అనే. పలికేటప్పుడు ఆ ‘ఛ’ కాస్తా ‘స’ అయిపోతుంది. కాగితం మీద రెండు భాషల చేపలూ ఒకటే. నోట్లోకి వచ్చేసరికి అస్సామీ చేప నేపాలీ మాంసం పక్కకు వెళ్ళి కూర్చుంది.

ఈ రెండు భాషలను పోల్చేవాళ్ళు మామూలుగా మాటల పట్టికతో మొదలుపెడతారు. చెయ్యి రెండింట్లోనూ ‘హాత్’, ముక్కు ‘నాక్’, నీళ్ళు ‘పానీ’, అన్నం ‘భాత్’, రాత్రి ‘రాతి’. పట్టిక చూస్తే అక్కచెల్లెళ్ళలా కనిపిస్తాయి. కానీ ఇలాంటి పట్టిక ఒడియాకు, గుజరాతీకి మధ్య కూడా వేయొచ్చు. సంస్కృత, ప్రాకృతాల నుంచి వచ్చిన భాషలన్నింటికీ అది ఉమ్మడి ఆస్తి. ఈ రెండింటి సంబంధం ఏమిటో తెలియాలంటే మాటలను పక్కనపెట్టి, నోరు ఎలా తిరుగుతోంది, వాక్యం ఎలా కడుతున్నారు అన్నవి చూడాలి. అక్కడ పోలికలు, తేడాలు రెండూ ఊహించని చోట్ల బయటపడతాయి. వాటిలో కొన్ని తెలుగువాళ్ళకు మరీ చిరపరిచితంగా ఉంటాయి.

పుట్టుక సంగతి ముందు. అస్సామీ మాగధి ప్రాకృత శాఖకు చెందింది. బెంగాలీ, ఒడియా, మైథిలి దానికి తోబుట్టువులు. ఏడో శతాబ్దంలో కామరూపానికి, అంటే ఇప్పటి అస్సాం వైపుకు వెళ్ళిన హ్యుయాన్ త్సాంగ్, అక్కడి భాష మధ్యదేశపు (గంగా మైదానపు) భాషకన్నా కొంచెం వేరుగా ఉందని రాసుకున్నాడు. నేపాలీ వచ్చింది పడమటి నుంచి. దాని పాత పేరు ‘ఖస్ కురా’, అంటే ఖసులనే జాతివాళ్ళ మాట. జుమ్లా ప్రాంతంలోని సింజా లోయ దాని పుట్టిల్లు. కుమావునీ, గఢ్వాలీ వంటి పహాడీ భాషలు దానికి దగ్గరి బంధువులు. గోర్ఖా రాజు పృథ్వీనారాయణ్ షా 1768లో కాఠ్‌మాండూను గెలిచాక ఆ భాష రాజధానికి ఎక్కింది. అప్పుడు కూడా దాన్ని గోర్ఖాలీ అనో, పర్బతియా అనో పిలిచేవారు. కాఠ్‌మాండూ లోయలో తరతరాలుగా ఉన్న నేవార్లు తమ భాషను ‘నేపాల్ భాష’ అనేవారు, ఇప్పటికీ అంటారు. అది టిబెటో-బర్మన్ భాష, అంటే టిబెటన్, బర్మీస్ భాషల కుటుంబం. అంటే ‘నేపాలీ’ అన్న పేరు ఈ భాషకు ఆలస్యంగా, మరొకరి ఇంటి పేరు మీదుగా వచ్చింది.

కాబట్టి వంశవృక్షంలో ఈ రెండూ దూరపు చుట్టాలే. ఒకటి గంగా మైదానం తూర్పు కొస నుంచి బ్రహ్మపుత్ర లోయలోకి వెళ్ళింది, రెండోది హిమాలయాల కొండల వెంట పడమర నుంచి తూర్పుకు నడిచింది.

ఇక ఉచ్చారణ. నేపాలీ ఇక్కడ పాత సామానును జాగ్రత్తగా దాచుకున్న ఇల్లు. త-ట, ద-డ తేడాలు దానిలో పదిలంగా ఉన్నాయి. చ, జ అక్షరాల పలుకు మాత్రం హిందీలా ఉండదు. మనం ‘చాప’, ‘చుట్టం’, ‘జాతర’ అనేటప్పుడు నాలుక పళ్ళ దగ్గరకు వెళ్ళి పలికే చ, జ ఉన్నాయి చూశారా, పాత వ్యాకరణాలు దంత్యమని పేరు పెట్టినవి, నేపాలీ చ, జ దాదాపు అవే. టీని నేపాలీలో ‘చియా’ అంటారు. ఆ ‘చి’ని ‘చిలుక’లోని ‘చి’లా కాకుండా, ‘చాప’లోని చకారానికి గుడి పెట్టి పలకాలి.

అస్సామీ మాత్రం ఇల్లంతా తిరగేసి సర్దుకుంది. త, ట రెండూ కలిసిపోయాయి. నాలుక పళ్ళకు తగలకుండా, అంగిట్లోకి మడవకుండా, చిగురు దగ్గర ఆగే ఒకే ఒక్క ‘త’ మిగిలింది. రాతలో రెండు అక్షరాలూ ఉన్నాయి, బడిపిల్లలు ఏ మాటకు ఏది రాయాలో కంఠతా పట్టాల్సిందే. చ, ఛ రెండూ ‘స’ అయ్యాయి. అందుకే అస్సాం టీకి అస్సాంలో పేరు ‘సాహ్’, రాత ‘చాహ్’. మరి చ వచ్చి స స్థానంలో కూర్చుంటే అసలు స ఎక్కడికి పోయింది? గొంతులోకి పోయింది. శ, ష, స మూడూ చాలా మాటల్లో హైదరాబాద్ ఉర్దూలో ‘ఖైరియత్’ అనేటప్పుడు గరగరమని వచ్చే ఆ ‘ఖ’ ధ్వనిగా మారాయి. తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి ఇక్కడ ‘ఖ’ అనే రాస్తున్నాం. అసమ అని రాసి ‘ఒఖొమ్’ అంటారు. తమ భాషను ‘ఒఖొమియా’ అంటారు.

అంకెల్లో ఇది చక్కగా కనిపిస్తుంది. నేపాలీలో ఆరు ‘ఛ’, ఏడు ‘సాత్’. అస్సామీలో ఆరు ‘సొయ్’, ఏడు ‘ఖాత్’. నేపాలీ స వినపడగానే ఏడు అనుకునే చెవికి అస్సామీ ఆరు మొదలవడమే స తో మొదలవుతుంది. పక్కనున్న బెంగాలీ కూడా ఈ పని చేయలేదు. అస్సామీ బెంగాలీకి యాస అనేవాళ్ళకు అస్సామీలు మొదట చెప్పే జవాబు కూడా ఈ గొంతు ధ్వనే.

త-ట కలిసిపోవడానికి ఇరుగుపొరుగు కారణమని చాలామంది భాషావేత్తలు అంటారు. బోడో వంటి టిబెటో-బర్మన్ భాషల్లో ఆ తేడా లేదు. ఆ భాషలవాళ్ళు, 1228 నుంచి దాదాపు ఆరు శతాబ్దాలు ఏలిన తాయ్ జాతి ఆహోములు క్రమంగా అస్సామీకి మారారు, తమ నోటి అలవాటు వెంట తెచ్చారు అన్నది వాదన. సబబుగానే ఉంది. కానీ నేపాలీకి కూడా నేవారీ, మగర్, తమాంగ్, లింబూ లాంటి అలాంటి ఇరుగుపొరుగే ఉంది. ఆ జాతులవాళ్ళు కూడా లక్షల్లో నేపాలీకి మారారు. అయినా నేపాలీలో ట చెక్కుచెదరలేదు. కాబట్టి పొరుగువాళ్ళ మీదే మొత్తం భారం వేసే వివరణ సగం వివరణే.

వాక్యంలోకి వస్తే దూరపు చుట్టాలు ఒక్కసారిగా దగ్గరవుతారు. ‘రాముడు అన్నం తిన్నాడు’ అన్నదాన్ని నేపాలీలో ‘రామ్‌లే భాత్ ఖాయో’ అంటారు, అస్సామీలో ‘రామే భాత్ ఖాలే’ అంటారు. ‘రాముడు వెళ్ళాడు’ అంటే నేపాలీలో ‘రామ్ గయో’, అస్సామీలో ‘రామ్ గొల్’. తినడం లాంటి సకర్మక క్రియ వస్తే కర్తకు ఒక తోక తగులుతుంది, వెళ్ళడానికి తగలదు. హిందీలో ‘నే’ కూడా ఇలాంటిదే కదా అనొచ్చు. కానీ హిందీలో ‘రామ్ నే రోటీ ఖాయీ’ అంటే క్రియ రాముణ్ణి వదిలేసి రొట్టె వెంట, స్త్రీలింగంలోకి వెళ్ళిపోతుంది. నేపాలీ, అస్సామీల్లో కర్తకు తోక తగిలించినా క్రియ కర్తనే పట్టుకుని ఉంటుంది. హిందీ నేర్చుకునేటప్పుడు తెలుగు పిల్లలను ఏడిపించే ఆ చిక్కు ఈ రెండింట్లోనూ లేదు. అస్సామీ ఇంకో అడుగు ముందుకేసి ఆ తోకను వర్తమానంలోనూ వాడుతుంది: ‘రామే భాత్ ఖాయ్’.

కాలం గుర్తుల్లో మళ్ళీ పుట్టుక తేడా బయటపడుతుంది. భూతకాలానికి ‘ల’, భవిష్యత్తుకు ‘బ’ మాగధి కుటుంబపు ముద్ర. అస్సామీలో ‘ఆహిల్’ అంటే వచ్చాడు. నేపాలీలో ‘ల’ భవిష్యత్తు వైపు, అదీ ఊహ కలిసిన భవిష్యత్తు వైపు తిరిగింది. ‘ఆఉలా’ అంటే వస్తాడేమో. ఒకే క్రియ, ఒకే ల. బ్రహ్మపుత్ర ఒడ్డున మనిషి వచ్చేశాడు, నేపాల్ కొండల్లో ఇంకా దారి చూస్తున్నారు.

లింగం విషయంలో ఈ రెండు భాషలూ అద్దంలో బొమ్మల్లా ఎడమ కుడి మార్చుకున్నాయి. అస్సామీలో సర్వనామంలో తేడా ఉంది: వాడు ‘ఖి’, ఆమె ‘తాయ్’. క్రియలో లేదు, ఎవరు వెళ్ళినా ‘గొల్’. నేపాలీలో సర్వనామం ఇద్దరికీ ‘ఊ’. తేడా క్రియలో ఉంది: తమ్ముడు వెళ్తే ‘భాఇ గయో’, చెల్లి వెళ్తే ‘బహినీ గఈ’. తూర్పు కొండల్లో, డార్జిలింగ్ వైపు వాడుక మాటల్లో ఈ తేడా కూడా తరచు జారిపోతుంది. పైగా గౌరవం పెరిగితే నేపాలీ క్రియలో లింగం మాయమవుతుంది. ‘ఉహాఁ జానుభయో’ అంటే ఆయన అయినా కావచ్చు, ఆవిడ అయినా కావచ్చు. తెలుగులోనూ అంతేగా. ‘వెళ్ళాడు’, ‘వెళ్ళింది’ అని తేడా చూపే మనం మర్యాద ఇవ్వగానే ఇద్దరినీ ‘వెళ్ళారు’ అనేస్తాం.

గౌరవపు మెట్లు రెండింట్లోనూ మూడు: నేపాలీలో తఁ, తిమీ, తపాఈఁ, అస్సామీలో తొయ్, తుమి, ఆపుని. నేపాలీకి వీటిపైన రాజుగారి మెట్టు ఒకటి ఉండేది. రాజు చేసే ప్రతి పనికీ ‘బక్సిను’ అనే క్రియ తగిలించేవారు. అది మన ‘బక్షీసు’కు చుట్టం: రాజు తిన్నా, పడుకున్నా జనానికి ప్రసాదించినట్టే. 2008లో రాచరికం పోయింది. ఆ క్రియ కొన్ని పాత ఠాకురీ, రాణా కుటుంబాల ఇళ్ళలో మిగిలింది.

తెలుగు పాఠకుడు కొంచెంసేపు ఆగాల్సిన చోటు వ్యతిరేకార్థం. ‘ఇది టీ కాదు’, ‘టీ లేదు’ అని మనకు రెండు వేర్వేరు మాటలున్నాయి. హిందీలో రెంటికీ ‘నహీఁ హై’ ఒక్కటే గతి. నేపాలీలో ‘యో చియా హోఇన’ అంటే ఇది టీ కాదు, ‘చియా ఛైన’ అంటే టీ లేదు. అస్సామీలో ‘ఎయిటొ సాహ్ నొహొయ్’, ‘సాహ్ నాయ్’. మన కాదు, లేదు అచ్చంగా ఉన్నాయి. అయితే సరిహద్దు గీత రెండూ ఒకే చోట గీయలేదు. ‘నీళ్ళు చల్లగా లేవు’ అనడానికి నేపాలీ మనలాగే ‘ఛైన’ వాడుతుంది: ‘పానీ చిసో ఛైన’. అస్సామీ మాత్రం ‘పానీ సేసా నొహొయ్’ అంటుంది, అంటే ‘కాదు’ వైపు మొగ్గుతుంది. మరో సంగతి, ‘ఇతను మా తమ్ముడు’ అన్నప్పుడు తెలుగులో క్రియే అక్కర్లేదు. అస్సామీలోనూ మామూలు మాటల్లో అక్కర్లేదు. నేపాలీలో చివర ‘హో’ ఉండాల్సిందే.

మామూలు క్రియలకు వ్యతిరేకం చెప్పే పద్ధతి ఇంకా బాగుంటుంది. నేపాలీలో చేస్తాడు ‘గర్ఛ’, చేయడు ‘గర్దైన’. కాదనే అర్థం క్రియ తోకలో కలిసిపోయింది, మన ‘చేయడు’లాగే. అస్సామీలో ‘న’ క్రియకు ముందు అతుక్కుంటుంది, అతుక్కుంటూ క్రియలోని అచ్చు రంగు పూసుకుంటుంది. చేస్తాడు ‘కొరే’, చేయడు ‘నొకొరే’. తింటాడు ‘ఖాయ్’, తినడు ‘నాఖాయ్’. ఇస్తాడు ‘దియే’, ఇవ్వడు ‘నిదియే’. చూస్తాడు ‘దేఖే’, చూడడు ‘నేదేఖే’. వింటాడు ‘ఖునే’, వినడు ‘నుఖునే’. ‘హరికి’, ‘రాముకు’ అని అచ్చును బట్టి విభక్తిని మార్చుకునే మనకు ఇందులో వింతేమీ కనిపించదు. హిందీ నుంచి వెళ్ళినవాళ్ళకు మాత్రం ఒక్క ‘నహీఁ’కి ఇన్ని అవతారాలా అనిపిస్తుంది.

ఇక ‘అని’. ‘వస్తానని చెప్పాడు’ అనేదాన్ని హిందీ ‘ఉస్‌నే కహా కి...’ అని తిరగేసి చెబుతుంది. నేపాలీలో ‘ఆఉఁఛు భనేర భన్యో’. అస్సామీలో ‘ఆహిమ్ బులి కొలే’. రెండింట్లోనూ అన్నవాడి మాట అన్నది అన్నట్టే ముందు వస్తుంది, తర్వాత ‘అని’ వస్తుంది. ఆ ‘భనేర’, ‘బులి’ రెండూ ‘అను’ అనే అర్థమున్న క్రియల నుంచి వచ్చినవే, మన ‘అని’ ఎలా వచ్చిందో అలాగే. పుకారు చెప్పడానికి మన ‘అట’ ఉంది కదా, నేపాలీలో వాక్యం చివర ‘రే’ చేరుతుంది: ‘ఊ ఆఉఁఛ రే’, వాడొస్తాడట. అస్సామీలో ‘హేనొ’ ఆ పని చేస్తుంది, కాకపోతే వాక్యం మధ్యలో దూరుతుంది. ‘రాము వాళ్ళు వచ్చారు’ అని ఒక్కడి పేరు చెప్పి ఇంటిల్లిపాదినీ కలిపేస్తామే, నేపాలీవాళ్ళు ‘రామ్‌హరూ’ అని, అస్సామీవాళ్ళు ‘రామ్‌హొఁత్’ అని అదే చేస్తారు.

ఇవన్నీ చూసి తెలుగుకు, వీటికి ఏదో రహస్య బంధుత్వం ఉందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. ‘అని’ లాంటి నిర్మాణం ద్రావిడ భాషల్లో ఉంది, టిబెటో-బర్మన్ భాషల్లో ఉంది, బెంగాలీ, మరాఠీల్లోనూ కనిపిస్తుంది. వేల ఏళ్ళు ఒకే ఉపఖండంలో, ఒకే సంతల్లో బేరాలాడిన భాషలు వాక్యం కట్టే తీరు ఒకదాన్నుంచి ఒకటి పట్టుకున్నాయి. విచిత్రంగా కనిపించేది హిందీయే: దాన్ని కొలబద్దగా పెట్టుకున్నంతకాలం అస్సామీ, నేపాలీ అంచున ఉన్న భాషల్లా ఉంటాయి, తెలుగు వైపు నుంచి చూస్తే మామూలు భాషల్లా ఉంటాయి.

ఆకలి దగ్గర మాత్రం ఇద్దరూ విడిపోతారు. ‘నాకు ఆకలేసింది’ అన్నదానికి నేపాలీ ‘మలాఈ భోక్ లాగ్యో’, మాటకు మాట మనదే. అస్సామీ ‘మోర్ భోక్ లాగిసే’ అంటుంది. ఆకలి నాకు వేయలేదు, ‘నా’ ఆకలి అయింది.

చుట్టరికం మాటల్లో అస్సామీ చేసే పని చుట్టుపక్కల పెద్ద భాషలేవీ చేయవు. నాన్న ‘దెఉతా’. నా నాన్న అయితే ‘మోర్ దెఉతా’, నీ నాన్న అయితే ‘తుమార్ దెఉతారా’, వాడి నాన్న అయితే ‘తార్ దెఉతాక్’. ముందు ‘నీ’, ‘వాడి’ అని చెప్పాక కూడా నాన్న అనే మాట తన తోకను మార్చుకుంటుంది. సంబంధం మనిషిని బట్టి మారుతుంది కాబట్టి మాట కూడా మారాలి అన్నట్టు. నేపాలీలో ‘బుబా’ ఎవరి నాన్నకైనా ‘బుబా’యే. ప్రాచీన తమిళంలో ‘ఎందై’, ‘నుందై’, ‘తందై’ అని నా తండ్రి, నీ తండ్రి, తన తండ్రి వేరుగా ఉండేవి. మన ‘తండ్రి’, ‘తమ్ముడు’ మాటల్లో ఇప్పటికీ ఆ ‘తన’, ‘తమ’ దాక్కుని ఉన్నాయి. మనం దాన్ని ఎప్పుడో మరిచిపోయాం, అస్సామీలో అది రోజువారీ వ్యాకరణం.

లిపి గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. నేపాలీది దేవనాగరి. అస్సామీది బెంగాలీతో పంచుకునే లిపి, కాకపోతే ర, వ అక్షరాలు వేరు. కంప్యూటర్ ప్రమాణమైన యూనికోడ్‌లో ఆ లిపికి ‘బెంగాలీ’ అని పేరు పెట్టడం అస్సామీలకు ఇప్పటికీ మనసుకు గుచ్చుకునే విషయం. దాని వెనక పాత గాయం ఒకటుంది. 1826 యాండబూ సంధితో అస్సాం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1836లో కోర్టుల్లో, బడుల్లో బెంగాలీని పెట్టారు. అస్సామీ వేరే భాష అని వాదించి ఒప్పించడానికి ఆనందరామ్ ఢేకియాల్ ఫుకన్ లాంటివాళ్ళకు, 1846లో శివసాగర్ నుంచి ‘ఒరునొదొయ్’ పత్రిక మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలకు ఏళ్ళు పట్టింది. 1873లో అస్సామీ తిరిగి వచ్చింది. పద్నాలుగో శతాబ్దంలోనే మాధవ కందళి చేతిలో రామాయణం వెలసిన భాష, తాను భాషనేనని నిరూపించుకోవాల్సి రావడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా. 2024 అక్టోబరులో దానికి ప్రాచీన భాష హోదా వచ్చింది. తెలుగుకు 2008లోనే దక్కిన హోదా అది.

నేపాలీ కథ దీనికి తిరగబడి ఉంటుంది. దాని రామాయణం భానుభక్త ఆచార్య (1814–1868) చేతిలో పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది, ఆయన పోయాక మోతీరామ్ భట్ట దాన్ని అచ్చు వేయించాడు. సాహిత్యం ఆలస్యమైనా సింహాసనం అండ ముందే ఉంది. నేపాల్‌లో అది ఏలే భాష, మిగతా భాషలవాళ్ళు దాని ఆధిపత్యం మీద ఫిర్యాదు చేస్తారు. 2015 రాజ్యాంగం అక్కడి మాతృభాషలన్నింటినీ జాతీయ భాషలుగా ఒప్పుకున్నా, ప్రభుత్వ వ్యవహారానికి దేవనాగరిలోని నేపాలీనే ఉంచింది. అదే నేపాలీ సరిహద్దు దాటి భారత్‌కు రాగానే అర్జీలు పెట్టుకునే భాష అయింది. 1992లో గానీ మన రాజ్యాంగంలోని భాషల పట్టిక అయిన ఎనిమిదో షెడ్యూలులోకి రాలేదు. 2011 జనగణన ప్రకారం మన దేశంలో నేపాలీ మాతృభాషగా చెప్పినవాళ్ళు సుమారు 29 లక్షలు, అస్సామీ చెప్పినవాళ్ళు 1.53 కోట్లు. ఆ 29 లక్షల్లో దాదాపు ఆరు లక్షల మంది ఉన్నది అస్సాంలోనే. ఒకప్పుడు అణగారి, గెలిచాక తానే పెద్దన్నగా మారిన అస్సామీ నీడలో, నేపాల్‌లో పెద్దన్నగా ఉన్న నేపాలీ ఇక్కడ చిన్నబుచ్చుకుని బతుకుతోంది. నేపాల్‌లో తరాలుగా చదువుతున్న ‘బసాఈఁ’ నవల రాసిన లీల్ బహదూర్ ఛేత్రీ గువాహటి మనిషి అని చాలామంది తెలుగు పాఠకులకు తెలియదు.

బ్యాంకు బదిలీ మీదో, సైన్యంలోనో ఆ వైపు వెళ్ళే తెలుగువాళ్ళు ఏది సులువని అడుగుతుంటారు. వినగానే పట్టుబడేది నేపాలీ. హిందీ కొంచెం వచ్చినవాళ్ళకు లిపి కూడా కలిసొస్తుంది. కానీ క్రియలో పురుషను, వచనాన్ని, గౌరవాన్ని, లింగాన్ని బట్టి మారే తోకలు చాలా ఎక్కువ. అస్సామీ మొదటి నెల చెవికి ఎక్కదు. ఎక్కాక క్రియలు హాయిగా ఉంటాయి, ‘నేను వెళ్తాను’, ‘మేం వెళ్తాం’ రెండూ ఒకే క్రియతో సరిపోతాయి.

అక్కడ కష్టపెట్టేది లెక్కపెట్టడం. నేపాలీలో మనుషులకు ‘జనా’, వస్తువులకు ‘వటా’ తెలిస్తే చాలావరకు బండి నడిచిపోతుంది. మనం ‘పది మంది’ అన్నట్టు ‘దస్ జనా’. అస్సామీలో పుస్తకానికి, పడవకు, నదికి ‘ఖొన్’, తాడులాంటి పొడుగు వస్తువుకు ‘డాల్’, చెట్టుకు ‘జోపా’, పువ్వుకు ‘పాహ్’, ఆకుకు, కాగితానికి ‘ఖిలా’. వీటిని సంఖ్యకే కాకుండా పేరుకు వెనక కూడా తగిలించి, ‘ఆ పుస్తకం’ అని తెలిసిన దాన్ని చూపించడానికి ‘కితాప్‌ఖొన్’ అంటారు. ఏదీ గుర్తురాకపోతే ‘టా’ (పేరు వెనకైతే ‘టొ’) అనేసి గండం గడుపుకోవచ్చు. తాడును అలా లెక్కపెడితే నవ్వి ఊరుకుంటారు. పెద్దమనిషిని ‘మానుహ్‌జొన్’ అనాల్సిన చోట ‘మానుహ్‌టొ’ అన్నామా, ‘ఆయన’ను ‘వాడు’ అన్నట్టే.